ఇంటి వెలుపలి గోడ: మన్నిక గల పూతలు, తాపడాల ఎంపిక

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెత కట్టడంలోని కష్టాన్నే చెప్పింది. కట్టిన ఇంటిని నిలుపుకోవడంలోని కష్టాన్ని చెప్పలేదు. బతుకుతెరువు కోసం సోలాపురానికో, చెన్నపట్నానికో, బెంగళూరుకో, బరంపురానికో చేరిన కుటుంబం ఇరవై ముప్పై ఏళ్ల కూడబెట్టుతో రెండు గదుల ఇల్లు కట్టుకుంటుంది. గృహప్రవేశం నాడు గోడలు అద్దంలా మెరుస్తాయి. రెండవ వానాకాలం దాటేసరికి పడమటి గోడ మీద నల్లని చారలు, పునాది పైన మూరెడు ఎత్తున ఉబ్బిన రంగు, కిటికీ మూలల్లో బీటలు కనిపిస్తాయి. రంగు మళ్లీ వేయిస్తారు. మరుసటి ఏడు అదే చోట అదే మరక తిరిగి వస్తుంది. ఇది చాలా వరకు రంగు లోపం కాదు. గోడకు కావలసినది ఒకటి, దానికి ఇచ్చినది మరొకటి కావడమే లోపం.

వెలుపలి గోడకు ఏ పూత వేయాలి, ఏ తాపడం అతికించాలి అన్నది సొగసుకు సంబంధించిన ప్రశ్నగా కనిపించినా, నిజానికి అది ఇంటి ఆయుష్షుకు, ఇంటివారి ఆరోగ్యానికి, ఆ గోడ కింద నడిచిపోయేవారి ప్రాణానికి సంబంధించిన ప్రశ్న. ఆ ఎంపికకు కావలసిన మూల సూత్రాలు ఈ పాఠంలో వివరించబడ్డాయి.

1. గోడకు నలుగురు శత్రువులు

మొదటి శత్రువు నీరు. వాన నీరు గోడను వెలుపలి నుంచి తడుపుతుంది. నేలలోని చెమ్మ పునాది గుండా పైకి పాకుతుంది. పగిలిన గొట్టం, నిండి పొర్లే నీళ్ల తొట్టి లోపలి నుంచి తడుపుతాయి. ఈ మూడింటిలో ఏది కారణమో తెలియకుండా మందు వేయడం వ్యర్థం.

రెండవది ఉప్పు. సముద్రపు గాలిలోని ఉప్పు, కడగని ఇసుకలోని ఉప్పు, నేలలోని చవుడు నీటిలో కరిగి గోడలోకి చేరుతాయి. నీరు ఆరిపోయినప్పుడు ఉప్పు స్ఫటికాలుగా మారి, పెరిగి, ఇటుకనూ పూతనూ పొడిపొడి చేస్తుంది. గోడ మీద తెల్లని బూజులా కనిపించే పొడి ఇదే. ఉప్పు కాంక్రీటు లోపలి కమ్మీని చేరితే ప్రమాదం ఇంకా పెద్దది. తుప్పు ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులుగా ఊడిపడుతుంది.

మూడవది ఎండ. అది రంగులోని బంధక ద్రవ్యాన్ని విడగొడుతుంది. వేలితో రాస్తే రంగు పొడిగా అంటుకోవడం దీని గుర్తు. ప్లాస్టిక్ తాపడాలు ఎండకు పెళుసెక్కుతాయి.

నాలుగవది కదలిక. వేడికి ప్రతి పదార్థం సాగుతుంది, చల్లదనానికి ముడుచుకుంటుంది. కాని అన్నీ ఒకే కొలతలో కాదు. 3 మీటర్ల పొడవున్న పదార్థం 30 డిగ్రీల వేడి మార్పుకు లోనైతే, కాంక్రీటు సుమారు 1 మి.మీ., అల్యూమినియం సుమారు 2 మి.మీ., పీవీసీ పలక సుమారు 5 మి.మీ. సాగుతాయి. కావున ప్లాస్టిక్ పలకను గోడకు బిగుతుగా మేకులు కొట్టి నిలిపితే, తొలి వేసవికే అది వంకర తిరుగుతుంది. ఇటుక గోడ, కాంక్రీటు స్తంభం కలిసే చోట నిలువుగా బీట రావడానికి కూడా ముఖ్య కారణం ఈ కదలిక భేదమే. అక్కడ పూత వేసే ముందు సన్నని ఇనుప జాలిని, పనివారి మాటలో చికెన్ మెష్‌ను, రెండు వైపులకు జానెడు చొప్పున పరచి కొట్టించడం తప్పనిసరి.

2. ఊరు మారితే గోడ అవసరం మారుతుంది

సొంత ఊరిలో తాతల నాటి గోడకు పనికివచ్చినది వలస వచ్చిన నగరంలో పనికిరాకపోవచ్చు.

ముంబయిలో జూన్ నుంచి సెప్టెంబరు వరకు 2000 మి.మీ.లకు మించి వాన కురుస్తుంది. గాలి వాలున కొట్టే ఆ వాన నైరుతి, పడమటి గోడల మీద నేరుగా పడుతుంది. అక్కడ పూతకు మొదటి పరీక్ష నీటిని ఆపడం. చెన్నైలో వాన ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనంతో వస్తుంది; మిగిలిన కాలమంతా ఎండ, ఉప్పుగాలి. అక్కడ ఉప్పును తట్టుకోవడం ముఖ్యం. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఉప్పుగాలి లేదు, ఎండ తీవ్రత కొంత తక్కువ. కాబట్టి పదార్థాల ఎంపికలో అక్కడ స్వేచ్ఛ ఎక్కువ. సోలాపురంలో వాన తక్కువ, వేసవి తీవ్రం. అక్కడ గోడ వేడెక్కకుండా చూడడమే ప్రధానం.

బరంపురానికి, యానానికి తుపానుల లెక్క వేరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం సమీపంలోనే తీరం దాటింది. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమనూ యానాన్నీ అతలాకుతలం చేసింది. ఇటువంటి చోట వెలుపలి తాపడానికి అడగవలసిన ప్రశ్న “ఎంత అందంగా ఉంది?” అన్నది కాదు, “గాలికి ఊడుతుందా? ఊడితే ఎవరి మీద పడుతుంది?” అన్నది. గౌతమి ఒడ్డున ఉన్న యానాంలో వరద నీరు గోడ అడుగున నిలిచే అవకాశం కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పని చేయించే కాలం కూడా ఎంపికలో భాగమే. ముంబయిలో వానలు వెనుదిరిగి గోడలు ఆరిన తరువాత, నవంబరు నుంచి మే వరకు. చెన్నైలో జనవరి తరువాత. యానాం, బరంపురాలలో తుపానుల కాలం గడిచాక డిసెంబరు నుంచి వేసవి వరకు వెలుపలి పని అనుకూలం. నడి వేసవిలో పూత వేయిస్తే రోజుకు మూడు నాలుగు సార్లు తడపడానికి నీటి వసతి ముందుగా చూసుకోవాలి.

3. పదార్థం కంటే ముందు నీటి దారి

ఎంత ఖరీదైన పూత అయినా, నిత్యం నీరు కారే గోడను కాపాడలేదు. కాబట్టి డబ్బును ముందుగా ఈ అయిదింటి మీద వెచ్చించాలి.

పిట్టగోడ పైభాగం ఇంటి లోపలి వైపుకు వాలుగా ఉండాలి. అప్పుడు మేడ మీది మురికి నీరు వెలుపలి గోడ మీదికి జారదు. కిటికీల పై చూరు, అనగా సన్‌షేడ్, అడుగు అంచున వేలెడు గాడి తీయించాలి. నీటి బొట్టు ఆ గాడి దాటలేక కింద పడిపోతుంది, గోడకు పాకదు. ఈ గాడికి అయ్యే ఖర్చు స్వల్పం. అది లేనందున పాడయ్యే గోడలు అసంఖ్యాకం. మేడ మీది వాన నీటిని దించే గొట్టం నేల వరకు రావాలి, గోడ మధ్యలో ఆగరాదు. పునాది పైన, గోడ మొదలయ్యే చోట చెమ్మ నిరోధక పొర వేయించాలి. ఇంటి చుట్టూ నేల వెలుపలి వైపుకు వాలి ఉండాలి.

4. పూతలు: సున్నం, సిమెంటు, రంగు

సున్నం. డంగుసున్నంలో ఇసుక కలిపి, గానుగలో నూరి, కొన్ని చోట్ల కరక్కాయ, బెల్లపు నీళ్లు చేర్చి వేసిన పూతలు శతాబ్దాలు నిలిచాయి. చెన్నపట్నంలో గవ్వల సున్నంతో పాలరాతిలా మెరుగుపెట్టిన పూతకు దేశాంతరాలలో సైతం పేరుండేది. సున్నానికి రెండు గుణాలు ఉన్నాయి: అది గోడలోని చెమ్మను ఆవిరిగా వెలుపలికి పోనిస్తుంది, చిన్న కదలికకు పగలక సర్దుకుంటుంది.

సున్నపు పూత ఏమి చేయగలదో ఒడిశా తీరంలోని రెండు ఆలయాలు చూపుతాయి. పూరీ జగన్నాథాలయంలోనూ కోణార్క సూర్యాలయంలోనూ ప్రధానంగా వాడినది ఖోండలైట్ అనే మెత్తని రాయి. రెండూ సముద్రానికి చేరువలో ఉన్నవే. పూరీ ఆలయం మీద తరతరాలుగా సున్నపు పూతలు వేస్తూ వచ్చారు. ఓడల వారు దానిని తెల్ల గోపురమని, పూత లేని కోణార్కను నల్ల గోపురమని పిలిచేవారు. 20వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో పురావస్తు శాఖ వారు పూరీలో ఆ పూతలను ఒలిచినప్పుడు కింద శిల్పాలు బయటపడ్డాయి. పూత లేక ఉప్పుగాలికి నిలిచిన కోణార్కలో ఎన్నో శిల్పాల ముఖాలు అరిగిపోయాయి. అరిగిపోవడం పూత వంతు, నిలిచి ఉండడం గోడ వంతు: వెలుపలి పూత తత్త్వం ఇదే.

సున్నానికి లోపం కూడా ఉంది. అది నెమ్మదిగా గట్టిపడుతుంది, తరచుగా పైపూత కోరుతుంది, నేర్పరి పనివారు అరుదు. పాత సున్నపు గోడ గల ఇంటిని బాగు చేయించేవారు మాత్రం దాని మీద గట్టి సిమెంటు పూత వేయించరాదు. లోపలి చెమ్మకు దారి మూసుకుపోయి గోడే కుళ్లుతుంది.

సిమెంటు పూత. నేటి ఇళ్లలో అధిక భాగం దీనితోనే సాగుతాయి. వెలుపలి గోడకు ఒక పాలు సిమెంటుకు నాలుగు నుంచి ఆరు పాళ్ల ఇసుక కలిపి, రెండు వరుసలుగా, మొత్తం 18 నుంచి 20 మి.మీ. మందాన వేయడం వాడుక. సిమెంటు ఎక్కువైతే పూత గట్టిదవుతుందన్న నమ్మకం పాక్షిక సత్యమే. సిమెంటు మితిమీరితే పూత ముడుచుకొని సాలెగూడు వంటి సన్న బీటలు వస్తాయి. పైవరుస అడుగు వరుస కంటే గట్టిదిగా ఉండరాదు. కనీసం ఏడు రోజులు తడపాలి. తీర ప్రాంతంలో పోజోలానా సిమెంటు గాని, స్లాగ్ సిమెంటు గాని ఉప్పును మేలుగా తట్టుకుంటాయి. బస్తా మీద ఐఎస్ఐ గుర్తు, తయారైన కాలం చూసి తీసుకోవాలి. మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్షించకుండా వాడరాదు. సముద్రపు ఇసుకను ఏ ధరకు దొరికినా వాడరాదు.

రంగు. రంగు పూతకు కవచమే గాని, పూతలోని లోపానికి మందు కాదు. డిస్టెంపర్ లోపలి గోడలకు మాత్రమే తగినది. వెలుపలికి సిమెంటు రంగు చవకైనది; ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ అంతకంటే మన్నికైనది. కొత్త సిమెంటు పూత క్షార గుణం తగ్గి ఆరేందుకు దాదాపు నాలుగు వారాలు ఆగి, ప్రైమర్ వేసి, ఆపై రెండు వరుసల రంగు వేయించాలి. చెమ్మ ఉన్న గోడ మీద రబ్బరు వలె సాగే దట్టమైన రంగు వేస్తే, లోపలి ఆవిరి దారి లేక బుడగలు కట్టి రంగును ఊడదీస్తుంది. పాత రంగును గీకించేటప్పుడు పొడి పీల్చకూడదు, పిల్లలను దూరంగా ఉంచాలి. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండవచ్చు.

5. తాపడాలు: ఇటుక, రాయి, పలక

ఇటుక. బాగా కాలిన ఇటుకను పూత లేకుండానే విడిచిపెట్టవచ్చు. 1892లో ప్రారంభమైన మద్రాసు హైకోర్టు ఎర్రని భవనం సముద్రానికి చేరువలోనే ఈనాటికీ నిలిచి ఉంది. అయితే అందరి ఇటుకా ఆ ఇటుక కాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 1077 ప్రకారం సాధారణ ఇటుక 24 గంటలు నీటిలో నానినప్పుడు పీల్చే నీరు దాని బరువులో 20 శాతానికి మించరాదు. మేలు తరగతి ఇటుకకు ఈ హద్దు 15 శాతం. పూత లేని గోడకు మేలు తరగతి ఇటుకనే కోరాలి. ఇటుకల మధ్య సందులను శ్రద్ధగా పూడ్పించాలి, ఎందుకంటే నీరు ముందుగా చొరబడేది ఆ సందుల గుండానే.

రాయి. గ్రానైటు అన్నిటికంటే మన్నికైనది. ఉప్పుకూ ఎండకూ లొంగదు. బెంగళూరు విధానసౌధ గోడలే ఇందుకు సాక్ష్యం. ముంబయి, దక్కను ప్రాంతాల నల్ల బసాల్టు కూడా గట్టిదే. తాండూరు, బేతంచెర్ల, షాబాదు, కడప బండలు సున్నపురాతి జాతికి చెందినవి. నేల పరుపుకు మేలైనవే గాని, వెలుపలి గోడ మీద వాటి మెరుగు నిలవదు. కడప రాతి నలుపు ఎండకు వెలిసి బూడిద రంగుకు దిగుతుంది. వీటిని ఆమ్లంతో కడగరాదు. కొంకణంలో జాంభా, ఒడిశాలో మాంకడ అని పిలిచే ఎర్రని లాటరైట్ రాయి గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. కాని రంధ్రాలు ఎక్కువైనందున వాన ఎదురుగా కొట్టే గోడకు పైపూత గాని, వెడల్పైన చూరు గాని అవసరం.

రాతి తాపడంలో అసలు ప్రశ్న బరువు. 20 మి.మీ. మందం గల గ్రానైటు పలక చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల గోడ ముఖానికి అది 500 కిలోలు. వెనుక ఉండే సిమెంటు బరువు అదనం. ఇంతటి భారాన్ని పాత రంగు మీదనో, ఉబ్బిన పూత మీదనో అతికించడం పక్కవారి తల మీద రాయి వేలాడదీయడమే. తాపడం వేసే ముందు రంగు పూర్తిగా గీకి, బోలు పూత కొట్టించి, గోడను గరుకు చేయించాలి. చిన్న పలకలకు పాలిమర్ కలిసిన టైల్ జిగురు వాడాలి. పెద్ద పలకలకు, తల ఎత్తు దాటిన చోట్లకు జిగురును మాత్రమే నమ్మకుండా స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కేలు బిగించాలి. తీర ప్రాంతంలో మామూలు ఇనుప కొక్కెం తుప్పు పట్టి, రాయి చెక్కుచెదరకుండానే గోడను విడిచి పడుతుంది.

పెంకులు, కాల్చిన మట్టి పలకలు. 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో పెంకుల కార్ఖానా స్థాపించినప్పటి నుంచి ఆ పేరు దక్షిణ దేశమంతటా వినిపిస్తూనే ఉంది. కాల్చిన మట్టి పలక తేలికైనది, రంగు మారనిది. పలకల మధ్య సందు విడిచి, వెనుక గాలి ఆడేటట్లు బిగిస్తే పడమటి గోడ వేడి కూడా తగ్గుతుంది.

ఫైబర్ సిమెంటు పలకలు. పైఅంతస్తు గది, మేడమీది కొట్టు వంటి తేలిక కట్టడాలకు ఇవి అనువైనవి; చెదలు పట్టవు, నిప్పు అంటుకోదు. కొనేటప్పుడు ఆస్‌బెస్టాస్ లేనివని వ్రాతపూర్వకంగా నిర్ధారించుకోవాలి. ఆస్‌బెస్టాస్ నార అన్ని రకాలూ క్యాన్సర్ కలిగించేవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. ఇంటి చుట్టూ పాత సిమెంటు రేకులు ఉంటే వాటిని రంపంతో కోయరాదు, రంధ్రాలు వేయరాదు, పగులగొట్టరాదు. తడిపి, ముక్కలు కాకుండా దింపి, మూటకట్టి, పురపాలక సంఘం వారు సూచించిన రీతిలో అప్పగించాలి.

లోహపు రేకులు. రంగు పూసిన ఉక్కు రేకులు బెంగళూరు, సోలాపురం వంటి చోట్ల బాగా నిలుస్తాయి. తీరంలో కోసిన అంచుల నుంచి, మేకు రంధ్రాల నుంచి తుప్పు మొదలవుతుంది.

అల్యూమినియం కాంపోజిట్ పలకలు. దుకాణాల ముఖభాగాలకు వాడే ఈ పలకలు ఇప్పుడు ఇళ్లకూ పాకాయి. రెండు పలుచని అల్యూమినియం రేకుల నడుమ ప్లాస్టిక్ పొర గలవి నిప్పుకు ఆహారమవుతాయి. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంటలు అటువంటి తాపడం వెంట పైకి పాకి 72 మంది మరణించారు. కింద దుకాణం, పైన కాపురం ఉండే మన పేటలలో ఈ హెచ్చరిక మరింత వర్తిస్తుంది. తప్పనిసరిగా వాడవలసివస్తే మంటను తట్టుకునే ఖనిజపు పొర గల రకాన్నే, పరీక్షా పత్రంతో సహా కొనాలి. మెట్ల దారి పక్కన, కరెంటు మీటర్ల చుట్టూ ప్లాస్టిక్ తాపడం ఏదీ వాడరాదు.

6. ఖర్చు లెక్క

మొదటి ఖర్చు ఒక్కటే చూసి నిర్ణయించడం సర్వసాధారణమైన పొరపాటు. ఉదాహరణకు, సారువ కట్టుబడి, కూలి, సరుకు కలిపి మేలి రంగు ఖర్చు 100 పాళ్లు, అది 5 ఏళ్లు నిలుస్తుంది అనుకుందాం. 20 ఏళ్లలో నాలుగు సార్లు వేయాలి, మొత్తం 400. చవక రంగు 70 పాళ్లు, 3 ఏళ్లు నిలుస్తుంది అనుకుంటే, ఏడు సార్లు వేయాలి, మొత్తం 490. చవక అనుకున్నదే ఖరీదైనదిగా తేలుతుంది, ఎందుకంటే సారువకూ కూలికీ అయ్యే ఖర్చు ఏ రంగుకైనా ఒక్కటే. రాతి తాపడానికి మొదట 350, పదేళ్లకు సందుల మరమ్మతుకు 30 అనుకుంటే మొత్తం 380. అది మేలి రంగుతో సమానమే. కాని సరిగా అతికించకపోతే ఆ 350 కూడా నేలపాలే. ఈ అంకెలు లెక్క తీరు చూపడానికి మాత్రమే. ఎవరి ఊరి ధరలు వారు వేసుకొని చూడాలి.

స్తోమత పరిమితమైన చోట ఇంటి నాలుగు గోడలకూ ఒకే పదార్థం అక్కరలేదు. వాన కొట్టే గోడకు, నేల నుంచి మూడు అడుగుల ఎత్తు వరకు మేలైన సరుకు వాడి, చూరు నీడన ఉన్న గోడలకు సాధారణ పూత చాలించవచ్చు. వీధి వైపు ముఖానికి రాయి అతికించి, వాన కొట్టే పక్క గోడను పూత లేకుండా విడిచిపెట్టడం ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. అయినా వీధి వీధినా అదే కనిపిస్తుంది.

7. ఇంటి వద్ద చేయదగిన పరీక్షలు

ఇటుక: ఎండిన ఇటుకను తూచి, ఒక పగలూ రాత్రీ నీటిలో ఉంచి, తుడిచి మళ్లీ తూచాలి. 3 కిలోల ఇటుక 3.5 కిలోలైతే, పీల్చినది దాదాపు 17 శాతం. పూత వేసే గోడకు చాలు, పూత లేని గోడకు చాలదు.

ఇసుక: గాజు సీసాలో సగం ఇసుక, పైన ఉప్పు కలిపిన నీరు పోసి, బాగా కుదిపి మూడు గంటలు కదలకుండా ఉంచాలి. ఇసుక మీద పేరుకున్న ఒండ్రు పొర ఇసుక ఎత్తులో పన్నెండవ వంతు మించితే ఆ ఇసుకను కడగకుండా వాడరాదు.

రాయి: పలక మూలన నిమ్మరసం చుక్క వేసి చూడాలి. సన్నని నురుగు లేచినా, మెరుగు పోయినా అది సున్నపురాతి జాతి, గ్రానైటు చలించదు.

చెమ్మ: అడుగు చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులూ అతికించి ఒక రోజు ఉంచాలి. కాగితం లోపలి ముఖాన తేమ కడితే చెమ్మ గోడలోనే ఉంది. వెలుపలి ముఖానే కడితే అది గాలి తేమ.

పూత: కర్రతో మెల్లగా తట్టాలి. డొల్ల శబ్దం వచ్చిన చోట పూత గోడను విడిచిపెట్టింది; దాని మీద ఏదీ అతికించరాదు.

8. అద్దె ఇళ్లు, అపార్ట్‌మెంట్లు

వలస కుటుంబాలలో చాలామంది అద్దె ఇళ్లలో ఉంటారు. వెలుపలి గోడ మరమ్మతు సాధారణంగా ఇంటి యజమాని బాధ్యత. పెచ్చులు ఊడుతున్నాయని నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా, తేదీ వేసి, ఛాయాచిత్రం జతచేసి వ్రాతపూర్వకంగా తెలపాలి. అపార్ట్‌మెంట్లలో వెలుపలి గోడ అందరి ఉమ్మడి ఆస్తి. సంఘం అనుమతి లేకుండా ఒకరు తమ వాటా వరకు రాయి గాని, పలకలు గాని బిగించరాదు. బాల్కనీ అడుగున కమ్మీ బయటపడితే, దాని మీద సిమెంటు పూసి దాచడం ప్రమాదకరం, ఇంజనీరుకు చూపించాలి.

9. గోడ కట్టేవారి క్షేమం

ఈ నగరాల గోడలను లేపిన చేతులలో తెలుగు చేతులు ఎన్నో. ముంబయిలోని కామాఠీపురాకు ఆ పేరు వచ్చినది నిర్మాణ పనులకు వచ్చిన కామాఠీల వలననే. వారిలో తెలుగువారు అధికులు. పాలమూరు కూలీలు, వడ్డెరలు రాయి కొట్టని నగరం అరుదు. గ్రానైటును యంత్రంతో పొడిగా కోసినప్పుడు లేచే సన్నని పొడి ఊపిరితిత్తులలో పేరుకొని సిలికోసిస్ వ్యాధిని కలిగిస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. కోసే చోట నీరు చల్లుతూ ఉండడం, ముక్కుకు గుడ్డ కాక తగిన మాస్కు ధరించడం, సారువకు రక్షణ పట్టా కట్టుకోవడం పని చేసేవారి హక్కు. అవి సమకూర్చడం పని చేయించేవారి విధి. 1996 నాటి కేంద్ర చట్టం అనుసరించి రాష్ట్రాలలో నిర్మాణ కార్మికుల సంక్షేమ మండళ్లు ఏర్పడ్డాయి. వలస వచ్చిన కార్మికుడు తాను పని చేస్తున్న రాష్ట్రంలో పేరు నమోదు చేయించుకోవాలి.

10. మేస్త్రీతో మాట్లాడేందుకు

స్థానిక భాషలో నాలుగు మాటలు తెలిస్తే పని తీరు మారుతుంది. మేస్త్రీని కన్నడంలో గారె మేస్త్రి, తమిళంలో కొత్తనార్, మరాఠీలో గవండీ, ఒడియాలో రాజమిస్త్రీ అంటారు. ఇసుక వరుసగా మరళు, మణల్, వాళూ, బాలి. ఇటుక ఇట్టిగె, సెంగల్, వీట్, ఇటా. సున్నం సుణ్ణ, సుణ్ణాంబు, చునా, చూన. “ఏడు రోజులు నీరు” అన్న ఒక్క మాట, ఏళు దిన నీరు, ఏళు నాళ్ తణ్ణి, సాత్ దివస్ పాణీ, సాత దిన పాణి అని ఏ భాషలో చెప్పినా, పూత ఆయుష్షును పెంచుతుంది.

మననం చేసుకోవలసిన ప్రశ్నలు

1. ఇంటికి వాన ఏ దిక్కు నుంచి కొడుతుంది? ఆ గోడకు ప్రస్తుతం ఏ కవచం ఉంది?
2. గోడలోని చెమ్మ పై నుంచా, నేల నుంచా, గొట్టం నుంచా? ఏ పరీక్షతో తేల్చారు?
3. ఎంచుకున్న తాపడం చదరపు అడుగుకు ఎంత తూగుతుంది? దానిని పట్టి ఉంచేది జిగురా, కొక్కెమా?
4. ఆ పదార్థానికి నిప్పు అంటుకుంటుందా?
5. ఇరవై ఏళ్లకు లెక్క వేస్తే దాని మొత్తం ఖర్చు ఎంత?

ఈ అయిదింటికీ సమాధానం దొరికిన తరువాతనే రంగు ఏదన్న ప్రశ్నకు వంతు వస్తుంది. ఆ క్రమంలో నిర్ణయించిన గోడ గృహప్రవేశం నాడు ఎలా ఉన్నదో, పిల్లల పెళ్లినాటికీ దాదాపు అలాగే ఉంటుంది.